సమాధుల తోట తరలిన వారం

రోడ్డు వెడల్పు చేయబోతున్నారనీ, సమాధుల తోటలో కంచె నుంచి లోపలికి ముప్పై అడుగులు పోతాయనీ చర్చిలో చదివి వినిపించిన ఆదివారం జెరూషా అక్కడ లేదు. పెళ్ళయి పదమూడేళ్ళయినా ఆమె అత్తింటివాళ్ళతో కలిసి పూజకు వెళ్ళేది కాదు. ముసునూరు రోడ్డు మీదున్న తమ ఊరి నుంచి స్కూటీ వేసుకుని నూజివీడు వెళ్ళి, పుట్టింట్లో అలవాటైన పద్ధతిలో ప్రొటెస్టెంట్ల ఆరాధనలో కూర్చుని వచ్చేది. భర్త చార్లెస్, అత్తగారు ఇన్నమ్మ, తొమ్మిదేళ్ళ కూతురు గ్లోరీ ఊళ్ళోని ఆర్.సి.ఎం. కేథలిక్ చర్చికి వెళ్ళేవారు. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళొచ్చి, పన్నెండున్నరకల్లా ఒక్కచోట కూర్చుని అన్నం తినేవారు. ఈ ఏర్పాటు మీద ఆ ఇంట్లో ఎప్పుడూ మాటామాటా రాలేదు.

ఆ రోజు అన్నాల దగ్గర చార్లెస్ చెప్పాడు.

"ఇరవై మూడు సమాధులు పోతాయంట. నెలాఖరులోపు తీసి వేరేచోట పెట్టుకోమన్నారు. పర్మిషన్ కాగితాలు కూడా వచ్చేశాయి. నాన్నది అందులోనే ఉంది."

ఇన్నమ్మ తలెత్తలేదు. "ఫాదర్ గారు మొన్ననే చెప్పార్లే," అంది. "ఎక్కడ పెడతారంట?"

"వెనకవైపు హనుమయ్యగారు తన తోటలో పన్నెండు సెంట్లు ఇస్తానన్నారు. అక్కడున్న నాలుగు మామిడిచెట్లు కొట్టించేస్తున్నారంట."

జెరూషా కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. "కంచె పక్కన ఉన్నవి కూడా తీస్తారా?" అని అడిగింది.

చార్లెస్ తల్లి వైపు చూసి, ఏదో చెప్పబోయి ఆగాడు. "కంచె దగ్గరే కదా మొదలు," అన్నాడు.

ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. కుళాయి కట్టేశాక కూడా చాలాసేపు అక్కడే నిలబడింది.

పదకొండేళ్ళ కిందట ఆమెకి ఎనిమిదో నెలలో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. విజయవాడ హాస్పిటల్‌కి తీసుకెళ్ళేసరికే కడుపులో బిడ్డ పోయాడు. నాలుగు రోజులు ఆమెకి ఒంటి మీద తెలివి లేదు. అదే వారం ఇక్కడ మావగారు సువర్ణరాజు కూడా పోయాడు. ఆయన అప్పటికే మంచం పట్టి ఉన్నాడు. జెరూషా కళ్ళు తెరిచేసరికి మావగారూ లేడు, బిడ్డా లేడు. ఇద్దరినీ మట్టిలో పెట్టడం అయిపోయింది. మంచం పక్కన తండ్రి ప్రేమానందంగారు కూర్చుని ఉన్నారు. ఉంగుటూరు దగ్గర చిన్న సంఘానికి పాస్టరు ఆయన. "బిడ్డ ప్రభువు చేతుల్లో ఉన్నాడమ్మా. మట్టిలో ఏమీ లేదు. అటు చూడకు," అన్నారు. ఆమె చూడలేదు.

బాప్తిస్మం, అంటే జ్ఞానస్నానం, లేకుండా పోయిన పసిబిడ్డల్ని సమాధుల తోటలో కంచె పక్కన, జిల్లేడు మొక్కల మధ్య పెడతారని మాత్రం ఊళ్ళో ఎవరో అంటుంటే చెవిన పడింది. సిలువ ఉండదు, రాయి ఉండదు. ఏటా నవంబరు రెండున సమాధుల పండక్కి ఊరంతా సున్నాలు వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, జెరూషా అత్తగారిని గేటు దాకా స్కూటీ మీద తీసుకెళ్ళి దింపేది. తను లోపలికి వెళ్ళేది కాదు. చనిపోయినవాళ్ళ దగ్గర ప్రార్థనలు చేయడం తమ పద్ధతి కాదని చెప్పేది. అది నిజమే. కానీ స్కూటీ మీద కూర్చున్నంతసేపూ ఆమె కళ్ళు కంచె పొడుగునా తిరుగుతూనే ఉండేవి.

నిరుడు పునీతుడని పిలిచే ఎవరో సెయింటు అవశేషాలు ఊరూరా తిప్పుతూ నూజివీడు తెచ్చినప్పుడు కూడా ఆమె ఆ పద్ధతి ఒప్పుకోలేదు. అద్దాల పెట్టెలో గోరంత ఎముక ముక్క. జనం ఎండలో వరసకట్టి ఆ అద్దాన్ని ముద్దు పెట్టుకుంటున్నారు. "ఎముకను ముద్దు పెట్టుకోవడమేంటండీ?" అని ఇంటికొచ్చాక భర్తని అడిగింది. చార్లెస్ నవ్వి, "రోజూ క్లాసులో అస్థిపంజరం బొమ్మ పట్టుకుని తిరిగేదానివి, నువ్వే అడగాలి," అన్నాడు. జెరూషా హైస్కూల్లో బయాలజీ టీచరు.

ఆ ఆదివారం తర్వాత మూడు రోజులు ఆమెకి అన్నం సయించలేదు. ఇరవై మూడు కుటుంబాలకీ తీసుకెళ్ళడానికి ఎముకలున్నాయి, చూపించడానికి రాళ్ళున్నాయి. తనకి ఏ గుర్తూ లేదు. రోలరు వచ్చి చదును చేసేస్తే ఇక కంచె వైపు చూసే పని కూడా ఉండదు. బుధవారం స్కూలు వదిలాక నేరుగా ఫాదర్ చిన్నప్పగారి బంగళాకి వెళ్ళింది. ఆయన కుర్రాడే, ముప్పై నాలుగేళ్ళుంటాయి. వసారాలో చార్టు పరుచుకుని సమాధుల పటం గీస్తున్నారు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"కంచె పక్కన పసిబిడ్డలున్నారు కదండీ," అంది జెరూషా. "గుర్తులేం లేవు. వాళ్ళనేం చేస్తారు?"

"తవ్వే మిషను పెట్టనివ్వను. అక్కడ చేత్తోనే తవ్విస్తానండీ. దొరికినంత తీస్తాం. ఏమీ దొరక్కపోతే ఆ మట్టే బుట్టలో ఎత్తి తీసుకెళ్తాం."

"మట్టినా?"

"వాళ్ళు కలిసిపోయింది ఆ మట్టిలోనే కదా."

జెరూషా చార్టు వైపు చూసింది. "తప్పుగా అనుకోకండి, ఫాదర్ గారూ. ఆత్మ దేవుడి దగ్గరికి వెళ్ళిపోయాక ఈ ఎముకలకి ఇంత ఎందుకండీ? మా నాన్నగారు మట్టిలో ఏమీ లేదంటారు."

"మీ నాన్నగారు చెప్పింది తప్పని నేననను. ఆత్మ దేవుడి దగ్గరే ఉంది." ఆయన స్కెచ్‌పెన్ను మూత పెట్టారు. "కానీ ప్రభువు లేచినప్పుడు శరీరాన్ని సమాధిలో వదిలేసి లేవలేదు కదండీ. చేతుల్లో గాయాలతో సహా లేచాడు. మనిషంటే ఆత్మ ఒక్కటే అయితే దేవుడికి ఒళ్ళెందుకు? జ్ఞానస్నానం నీళ్ళు పోసింది ఈ తల మీదే. ప్రార్థన చేసింది ఈ నోరే, బిడ్డల్ని ఎత్తుకుంది ఈ చేతులే. ఇదే ఒళ్ళు మళ్ళీ లేపుతానని ఆయన మాటిచ్చాడు. అప్పటిదాకా జాగ్రత్తగా చూసుకోమని మన చేతికిచ్చాడనుకోండి."

"మరి ముద్దులు పెట్టుకోవడం?"

ఫాదర్ గారు నవ్వారు. "మన బలిపీఠం రాతిలో కూడా ఓ పునీతుడి ఎముక ముక్క పొదిగి ఉంది. మొక్కేది దానికి కాదండీ, దేవుడికే. ఆ మనిషి చేత దేవుడు ఎన్ని మంచి పనులు చేయించాడో, వాటికి థాంక్స్ చెప్పుకుంటాం. మీ వాక్యంలోనే ఉంది, ఐగుప్తు నుంచి బయల్దేరేటప్పుడు అంత తొందరలోనూ మోషే యోసేపు ఎముకలు మర్చిపోలేదు. బంగారంతో పాటు వాటినీ మోసుకెళ్ళాడు."

ఆ మాట జెరూషాకి చిన్నప్పట్నుంచీ తెలుసు. సండే స్కూల్లో అప్పజెప్పింది కూడా. నలభై ఏళ్ళు ఎడారిలో ఆ ఎముకల పెట్టెని ఎవరు మోశారో, ఎవరి భుజాలు కాయలు కాశాయో ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆమె లేచేటప్పుడు ఫాదర్ గారు గుమ్మం దాకా వచ్చారు. "పాత రిజిస్టరులో మీ మావగారు పోయిన వారం పేజీ చూశానండీ," అన్నారు నెమ్మదిగా. "మీరు అడగాల్సింది నన్ను కాదు. ఇన్నమ్మగారిని అడగండి."

ఇంటికొచ్చేసరికి ఇన్నమ్మ అరుగు మీద చాప వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఎండ ఇంకా అరుగు అంచు మీదే ఉంది. జెరూషా బ్యాగు కూడా దించకుండా ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, బాబుని కంచె పక్కన ఎక్కడ పెట్టారు?"

ఇన్నమ్మ చేతిలో కత్తి ఆగింది. దాన్ని చాప మీద పెట్టింది.

"వాడు కంచె దగ్గర లేడమ్మా," అంది. "తాత దగ్గరున్నాడు."

జెరూషాకి అర్థం కాలేదు.

"హాస్పిటల్లో నర్సమ్మ గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. చార్లెస్ నిన్ను వదిలి రాలేడు. నేనే వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చా. నేను ఇల్లు చేరిన గంటకి మీ మావయ్య పోయారు. జ్ఞానస్నానం లేదు గనక పసివాణ్ణి కంచె పక్కన పెడదామన్నారు పెద్దలు. నేను సరేనని గానీ కాదని గానీ అన్లా. ఆయనకి స్నానం చేయించిన నీళ్ళతోనే వాడి ఒళ్ళూ తుడిచా. పెట్టె మూసేముందు ఆయన కుడిచెయ్యి కాస్త పక్కకి జరిపి, ఆ మడతలో వాణ్ణి పడుకోబెట్టా. అప్పటి ఫాదర్ గారు చూశారు. నా వైపు చూసి, 'తాత దగ్గరే ఉండనీ ఇన్నమ్మా' అన్నారు. పుస్తకంలో కూడా రాసుకున్నారు."

"నాకెందుకు చెప్పలేదు?" జెరూషా గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"మీ నాన్నగారు నా రెండు చేతులూ పట్టుకున్నారమ్మా. 'దానికి సమాధి చూపిస్తే అక్కణ్ణించి లేవదు, చెప్పకండి అక్కయ్యగారూ' అన్నారు. కన్నతండ్రి అలా అడిగితే కాదనలేకపోయా. చార్లెస్ చేత కూడా ఒట్టేయించా. నువ్వే ఎప్పుడో అడుగుతావు, అడిగిన రోజు చెబుదామనుకున్నా. ప్రతి పండక్కీ గేటు దగ్గర దింపేటప్పుడు, ఈసారి అడుగుతుంది, ఈసారి లోపలికొస్తుంది అనుకునేదాన్ని."

కోపం రావాల్సిన చోట రాలేదు. పదకొండేళ్ళుగా కంచె పొడుగునా వెతికిన కళ్ళు ఒక్కసారి అలిసిపోయినట్టయ్యాయి. అడగాల్సింది ఇంకొకటే మిగిలింది. అది ఇంతకుముందు ఎవర్నీ అడగలేదు. అడగడానికి వాణ్ణి చూసినవాళ్ళు ఉన్నారన్న ఆలోచనే రాలేదు.

"ఎలా ఉన్నాడు అత్తయ్యా?"

ఇన్నమ్మ మొహం విచ్చుకుంది. "జుట్టు ఎంత ఒత్తుగా ఉందనుకున్నావ్! నుదుటి మీద దాకా పడింది. చెవులు మీ మావయ్యవే, చేటల్లా. గడ్డం నీదే. కుడికాలి చిటికెనవేలు పక్కవేలి మీదకెక్కి ఉంది, మన గ్లోరీకి ఉన్నట్టే. నిద్రపోతున్నట్టే ఉన్నాడమ్మా. ఆటోలో దారిపొడుగునా ఎవరూ కనిపెట్టలేదు. పక్కన కూర్చున్న ఆవిడ, మనవడా అండీ అని కూడా అడిగింది. అవునన్నా."

జెరూషా చింతపండు మీద, చాప మీద ఎక్కడ పడితే అక్కడ చేతులానించి ముందుకి ఒరిగి, అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుంది. తను చూడలేనిదాన్ని తన బదులు ఒకరు చూశారు. తను ఎత్తుకోలేని బిడ్డని విజయవాడ నుంచి ఊరిదాకా ఒకరు ఎత్తుకునే ఉన్నారు. ఏడుపు వచ్చింది గానీ, అది హాస్పిటల్లో వచ్చిన ఏడుపు కాదు. ఇన్నమ్మ పులుపంటిన చేత్తో ఆమె తల నిమురుతూ కూర్చుంది. చార్లెస్ వచ్చి చూసి, చెప్పులు విడిచి వాళ్ళ పక్కనే కూర్చున్నాడు.

గురువారం పొద్దున్నే పని మొదలైంది. ముందు సువర్ణరాజు సమాధే తీద్దామన్నారు ఫాదర్ గారు. జెరూషా స్కూలుకి సెలవు పెట్టింది. పెళ్ళయ్యాక మొదటిసారి గేటు దాటి లోపలికి నడిచింది.

హనుమయ్యగారు అప్పటికే వచ్చి తలపాగా చుట్టుకుని నిలబడి ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి. సమాధుల జోలికి వెళ్తే మైల అని ఇంట్లోవాళ్ళు అన్నా వినలేదట. "నా తోటలో చిన్నరసాల మామిళ్ళు మూడొంతులు సువర్ణరాజుగారు అంటు కట్టినవేనమ్మా," అన్నారు జెరూషాతో. "ఆయన కడితే ఒక్క అంటూ చచ్చేది కాదు. నలభై ఏళ్ళుగా ఆ కాయ తింటున్నా. ఆయనకి చోటివ్వడానికి నాకు ఆలోచనేంటి?"

ఫాదర్ గారు ప్రార్థన చేసి తీర్థం చల్లారు. సాంబ్రాణి వేశారు. పనివాళ్ళు రాయి పక్కకి జరిపి ఎర్రమట్టి తవ్వారు. నాలుగడుగుల లోతున చెక్క కనిపించింది. పారతో ముడితే టీపొడిలా రాలిపోయింది. ఎముకలు కనబడగానే పనివాళ్ళు పైకెక్కేశారు. చెయ్యి పెట్టడానికి భయపడ్డారు. చార్లెస్ దిగబోయి గట్టు మీదే కూలబడ్డాడు.

జెరూషా చున్నీ నడుముకి బిగించి గోతిలోకి దిగింది.

ఆమెకి భయం వేయలేదు. ఎక్కడ ఏది ఉంటుందో చేతులకి తెలుసు. పాదాల దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటీ మట్టిలోంచి వదులు చేసి పైకి అందించింది. గట్టు మీద ఇన్నమ్మ గోరువెచ్చని నీళ్ళ బేసిను ముందు పెట్టుకుని కూర్చుంది. అందిందల్లా కడిగి, కొత్త గుడ్డతో తుడిచి, తెల్లదుప్పటి మీద పెడుతోంది. ఎక్కడ ఏది పెట్టాలో కిందనుంచే చెబుతోంది జెరూషా.

"ఇదేంటమ్మా?"

"మోకాలి చిప్ప అత్తయ్యా. కుడిది."

"ఆఁ, ముసురు పడితే ఇదే పట్టేసేది ఆయనకి. కొబ్బరినూనెలో కర్పూరం వేసి రాసేదాన్ని." ఇన్నమ్మ దాన్ని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, మళ్ళీ రాస్తున్నట్టే తుడిచింది.

చేతివేళ్ళ ఎముకలు చిన్నవి, లెక్కపెట్టి ఏరింది జెరూషా. ఒక్కటీ తగ్గలేదు. హనుమయ్యగారు ముందుకొచ్చి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నారు. "అంటు కట్టిన వేళ్ళు," అన్నారు.

కుడి మోచేతి దగ్గర మట్టి కాస్త నల్లగా, మెత్తగా ఉంది. జెరూషా అక్కడ వేళ్ళ కొసలతో మాత్రమే తడిమింది. మొదట దొరికింది ఎముక కాదు, హాస్పిటల్లో పసిపిల్లల కాలికి కట్టే ప్లాస్టిక్ పట్టీ. దాని మీద తల్లి పేరు రాసిన ఇంకు వెలిసిపోయింది. ఎండకి ఎత్తి పట్టుకుంటే తన పేరులోని మొదటి అక్షరం మాత్రం గీతలా కనిపించింది. దాని కిందే తొడ ఎముక, తన చిటికెనవేలంత. పక్కన అగ్గిపుల్లల్లాంటి ప్రక్కటెముకలు నాలుగు. గుడ్డు పెంకు కంటే పలచటి తల ఎముక ముక్కలు. వాటి పేర్లన్నీ తెలుసు ఆమెకి. ఒక్క పేరూ గుర్తు రాలేదు. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు గోతిలోనే కూర్చుండిపోయింది. పైన ఎవరూ తొందరపెట్టలేదు. ఎప్పుడు వంగిందో తనకే తెలీదు, ఆ చిన్న ఎముక పెదవులకి తగిలింది. మట్టివాసన వేసింది. చార్లెస్ చూశాడు.

ఆ ఎముకల్ని మాత్రం ఆమె పైకి అందించలేదు. తనే పైకొచ్చి, ఇన్నమ్మ పక్కన కూర్చుని, తనే కడిగింది. ఇన్నమ్మ నీళ్ళు పోసింది.

"వేరే పెట్టె చేయిద్దామా?" అని ఫాదర్ గారు అడిగారు.

"వద్దండీ. ఎక్కడ పడుకోబెట్టారో అక్కడే ఉండనీండి," అంది జెరూషా. తెల్లదుప్పటి మీద సువర్ణరాజు కుడిచేతి మడతలో ఆ చిన్న ఎముకలన్నిటినీ సర్దింది. ప్లాస్టిక్ పట్టీని చూపించి, "ఇది నేనుంచుకోవచ్చా?" అని అడిగింది.

"ఎముకలు విడదీయొద్దు. అది మాత్రం మీదే కదండీ," అన్నారాయన.

ఇంటికి వెళ్ళబోతుంటే భాగ్యవతి అనే ఆవిడ ఎదురొచ్చింది. తరవాతి సమాధి వాళ్ళ అమ్మది. "టీచరుగారూ, మాకేది ఏ ఎముకో తెలీదు. అడ్డదిడ్డంగా మూట కడతామేమోనని భయంగా ఉంది. మా అమ్మకి కూడా మీరే సర్దిపెడతారా?" అంది. జెరూషా మళ్ళీ చున్నీ బిగించింది.

అలా నాలుగు రోజులు. శుక్ర, శనివారాలు కూడా సెలవు పెట్టింది. ఆదివారం ఆరాధనకి నూజివీడు వెళ్ళొచ్చి, మధ్యాహ్నం నుంచి మళ్ళీ గోతిలో దిగింది. ఇరవై మూడు సమాధులూ ఆమె చేతుల మీదుగానే పైకొచ్చాయి. ప్రతి ఒక్కరినీ తల నుంచి పాదం దాకా వరసగా పేర్చింది. ప్రతి ఇంటివాళ్ళూ బేసిను పక్కన కూర్చుని ఏదో ఒకటి చెప్పేవారు. ఈ చెయ్యి ఎడంది, దీంతోనే రాసేవాడు. ఈ పన్నుకి బంగారం కట్టించుకుంటానని గొడవ చేసేది. అన్నీ వింటూ పని చేసింది జెరూషా. బతికున్నప్పుడు తను పలకరించని ముసలివాళ్ళు కూడా ఆమెకి తెలిసినవాళ్ళయ్యారు.

చివర్న కంచె పక్కన జిల్లేడు మొక్కలు పీకించి, అక్కడి మట్టిని జల్లెడ పట్టింది. తన బిడ్డ అక్కడ లేడని తెలుసు. అయినా ఎవరి బిడ్డలో ఉన్నారు. రెండు చోట్ల సన్నటి ఎముకలు దొరికాయి. మిగతాచోట్ల మట్టి బుట్టలకెత్తారు. తొమ్మిది బుట్టలైంది.

ఈలోగా శనివారమే తండ్రికి ఫోన్ చేసింది. "నాన్నా, బాబుని చూశాను," అంది. "ఎప్పుడు పెడుతున్నారమ్మా?" అన్నారాయన. సోమవారం అని చెప్పింది.

సోమవారం పొద్దున్న ప్రేమానందంగారు ఉంగుటూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. సమాధుల తోట గేటు దగ్గర కూతుర్ని చూసి నిలబడిపోయారు. ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశారు. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి ఇంకా వదల్లేదు. తరవాత ఇన్నమ్మ దగ్గరికి వెళ్ళారు.

"పొరపాటు చేశానండీ," అన్నారు. "జెరూషా వాళ్ళమ్మ పోయినప్పుడు నేను ఏడాదిపాటు సమాధి దగ్గర్నుంచి లేవలేదు. కూతురు కూడా అలా అయిపోతుందేమోనని భయపడ్డాను. వాక్యం పేరు చెప్పి నా భయాన్ని దాచుకున్నాను."

"అయ్యో, అంత మాటెందుకండీ?" అంది ఇన్నమ్మ. "మీ బిడ్డ కోసం మీరు అడిగారు. మన బిడ్డ కోసం నేనూరుకున్నా. ఇప్పుడు అందరం ఇక్కడే ఉన్నాం కదా."

కొత్త చోట ఇరవై మూడు గుంతలు, పసిబిడ్డల కోసం ఇంకొకటి వెడల్పుగా తీసి ఉన్నాయి. నరికిన మామిడిచెట్ల మొదళ్ళ దగ్గర జిగురు ఇంకా కారుతోంది. పూజ అయ్యాక ఫాదర్ గారు ప్రేమానందంగారి వైపు తిరిగి, "మీరూ ఓ మాట చెప్పండి, పాస్టరుగారూ," అన్నారు.

ఆయన కాస్త ఇబ్బందిగా చూశారు. "చనిపోయినవాళ్ళ కోసం నేను ప్రార్థించనండీ. మాకది లేదు. కృతజ్ఞత మాత్రం చెబుతాను."

"అదే చెప్పండి."

ప్రేమానందంగారు కళ్ళు మూసుకున్నారు. ఆయన ప్రార్థనలు పొడుగ్గా ఉంటాయని జెరూషాకి తెలుసు. ఆ రోజు మాత్రం ఆయన చెప్పింది కొంచెమే. మట్టితో మనిషిని చేసినందుకు, ఆ మట్టిని అసహ్యించుకోకుండా తనూ ఒళ్ళు దాల్చి వచ్చినందుకు దేవుడికి స్తోత్రం చెప్పారు. సువర్ణరాజుగారి వేళ్ళ కోసం స్తోత్రం చెప్పారు. తన మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ఇన్నమ్మగారి ఒడి కోసం స్తోత్రం చెప్పారు. అక్కడితో ఆపి కళ్ళు తుడుచుకున్నారు. ఆమేన్ జనమే అన్నారు.

మట్టి పోసేటప్పుడు పసిబిడ్డల గుంత దగ్గరికి ఎవరు వెళ్ళాలో ఎవరికీ తోచలేదు. వాళ్ళని మావాళ్ళని చెప్పుకునేవాళ్ళు ఎవరూ లేరు. జెరూషా వెళ్ళింది. ఆమె వెనకే హనుమయ్యగారు, ఆయన భార్య పుష్పవతి, ప్రేమానందంగారు వచ్చి తలా గుప్పెడు మట్టి వేశారు. తరవాత ఒక్కొక్కరుగా అందరూ వచ్చారు. పుష్పవతి మూడు బిందెల మజ్జిగ చేయించి తెచ్చింది. చెట్లకింద నిలబడి అందరూ తాగారు.

రెండు వారాల తర్వాత నూజివీడు నుంచి రాళ్ళు చెక్కే శ్యామ్ సుందర్ వచ్చి కొత్త రాళ్ళ మీద పేర్లు వేయడం మొదలుపెట్టాడు. సువర్ణరాజు పేరు, తేదీలు చెక్కాడు. "కింద ఇంకో పేరు ఉందన్నారు. ఏమని రాయమంటారు?" అని అడిగాడు.

చార్లెస్, జెరూషా ఒకరినొకరు చూసుకున్నారు. బిడ్డకి పేరు పెట్టే అవకాశమే రాలేదు. గ్లోరీ ఈ మధ్య "అన్నయ్య" అని మాట్లాడుతోంది గానీ, ఆ పిల్లా పేరు అడగలేదు.

జెరూషా అత్తగారి వైపు తిరిగింది. "పదకొండేళ్ళుగా సమాధి దగ్గరికి వచ్చి వాడితో మాట్లాడుతున్నారు కదా అత్తయ్యా, మీరేమని పిలిచేవాళ్ళు?"

ఇన్నమ్మ సిగ్గుపడింది. "పేరేం కాదమ్మా. పెద్దోడా అనేదాన్ని. నాకు మొదటి మనవడు కదా."

"రాతి మీద పెద్దోడని రాస్తారా అమ్మా ఎవరైనా?" అన్నాడు చార్లెస్.

"అదే రాయండి," అంది జెరూషా శ్యామ్ సుందర్‌తో. "వాణ్ణి పిలిచిన పేరు అదొక్కటే."

అతను సుద్దతో మూడక్షరాలు గీసి, సరిగ్గా ఉన్నాయా అని ఇన్నమ్మనే అడిగాడు. ఆమె వంగి, వేలితో ఒక్కో అక్షరం మీదా రాసుకుంటూ చదివి, ఉన్నాయంది. అతను ఉలి అందుకున్నాడు. రాతిపొడి లేచి ముగ్గురి బట్టల మీదా పడుతున్నా ఎవరూ పక్కకి జరగలేదు.